ఇంటి గుట్టు, మనిషి గుట్టు

దిల్‌సుఖ్‌నగర్ నుండి సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్ మీదుగా దక్షిణమునకు సాగిపోవు వానికి జిల్లెలగూడ యెచ్చట ముగిసినదో, మీర్‌పేట యెచ్చట ఆరంభమైనదో తెలిసికొనుట కష్టము. మంత్రాల చెరువు, చందన చెరువు, పెద్దచెరువు అను తటాకముల నానుకొని ఒకప్పుడు పైరుపంటలతో నుండిన ఈ పల్లెలు 2019లో నగరపాలక సంస్థయై, 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో లీనమైనవి. ఇప్పుడు ఏ సందు చూచినను అపార్టుమెంటులే. వానిలో దేని గుమ్మమున నిలిచినను కంటబడునవి మూడు: వాచ్‌మన్ బల్లపై రూళ్ళ రిజిస్టరు, గోడ మూలనుండి తొంగిచూచు సీసీ కెమెరా, లిఫ్టు ప్రక్కన అంటించిన ఫ్లాట్ల యజమానుల పేర్ల పట్టిక. నాలుగవది కంటబడదు, అది ఆ భవనపు ప్లాను. బిల్డరు కార్యాలయములో ఒక ప్రతి, ఇంజనీరు కంప్యూటరులో ఒక ప్రతి, బ్యాంకు ఋణపు ఫైలులో ఒక ప్రతి, పురపాలక శాఖవారి ఆన్‌లైను వ్యవస్థలో ఒక ప్రతి ఉండును; వాట్సాప్ గ్రూపులలో ఎన్ని ప్రతులు తిరుగుచున్నవో ఎవరును లెక్కింపలేరు.

మొదటి మూడింటియందు మనుష్యులను గూర్చిన సమాచారమున్నది. నాలుగవదానియందు కట్టడమును గూర్చిన సమాచారమున్నది. మనుష్యుల సమాచారమును కాపాడుటకు మన దేశమున ఒక చట్టము వచ్చినది: డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము, 2023. కట్టడముల సమాచారమును కాపాడుటకు అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఒక ప్రమాణమును 2020లో వెలువరించినది: ఐఎస్‌ఓ 19650, అయిదవ భాగము. ఒకటి పార్లమెంటు ఆమోదించినది, మరియొకటి నిర్మాణరంగ నిపుణులు కూర్చుండి వ్రాసికొన్నది. రెండును గోప్యతను గూర్చియే మాటలాడుచున్నను, ఎవరికొరకు కాపాడవలెను, ఏ అధికారముతో కాపాడవలెను అను ప్రశ్నలయొద్దకు వచ్చుసరికి వాని త్రోవలు వేరగును. ఈ రెండింటిని ఒకచోట నిలిపి పోల్చిచూచుటకు దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతము కంటె తగిన స్థలము తెలుగునాట మరియొకటి లేదని నా నమ్మకము. దానికి కారణము మాత్రము విషాదకరమైనది.

2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము, దిల్‌సుఖ్‌నగర్ బస్సు స్టాపు పరిసరములలో, టిఫిను సెంటర్లయొద్దను సినిమా హాళ్ళయొద్దను జనము క్రిక్కిరిసియున్న వేళ, రెండు బాంబులు స్వల్ప వ్యవధిలో ఒకదానివెంట ఒకటి పేలి 18 మంది ప్రాణములు గొనినవి. నూరుమందికి పైగా క్షతగాత్రులైరి. అంతకు పూర్వము 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కునందును గోకుల్ చాట్ యొద్దను పేలుళ్ళు జరిగిన రాత్రియే, ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో పాదచారుల వంతెన దగ్గర పేలని బాంబు ఒకటి దొరికియుండెను. 2013లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రతా చర్యల అమలు చట్టము వచ్చెను. ఒకేసారి నూరుమంది గుమిగూడు దుకాణములు, ఆసుపత్రులు, విద్యాలయములు, ప్రార్థనాలయములు మొదలగు స్థలములన్నింట సీసీ కెమెరాలు పెట్టవలెననియు, ఆ దృశ్యములను 30 దినములు భద్రపరచి పోలీసులు కోరినపుడు ఇయ్యవలెననియు దాని శాసనము. ఆ పిమ్మట పోలీసువారి ‘నేను సైతం’ కార్యక్రమము కాలనీ సంఘములచేత చందాలు వేయించి, వీధి మొగలలో గూడ కెమెరాలు పెట్టించెను. ఇట్లు కెమెరా కట్టడమునకును జనసమూహమునకును కావలిగా మన గుమ్మములకు వచ్చినది. దానిలో పడిన ముఖము ఎవరిది, ఆ ముఖముపై హక్కు ఎవరిది అని ఆనాడు అడిగినవారు అరుదు. నెత్తురు ఆరని వీధిలో అట్టి ప్రశ్న వేయుటకు నోరు రాకపోవుట సహజమే.

ఆ ప్రశ్న న్యాయస్థానమున సంపూర్ణముగా విచారింపబడినది మరి నాలుగేండ్లకు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తియు, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషనునకు అధ్యక్షత వహించి తెలుగువారికి పరిచితుడును ఐన కె.ఎస్. పుట్టస్వామి, ఆధార్‌ను ప్రశ్నించుచు 2012లో వేసిన వ్యాజ్యములో, సుప్రీంకోర్టునందలి తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పెను. డేటా పరిరక్షణ చట్టమునకై ఏర్పడిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ సంఘము 2018లో నివేదికను సమర్పించినది. 2019లో వచ్చిన బిల్లును ప్రభుత్వము 2022లో ఉపసంహరించుకొన్నది. క్రొత్త బిల్లు 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదముతో చట్టమైనది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. అందును ముఖ్యమైనవి 18 నెలల గడువు తరువాత, అనగా 2027 మే నెలలో గాని అమలులోనికి రావు. తీర్పునకును ఆచరణకును నడుమ పదియేండ్లు గడచుట మన శాసనయంత్రమునకు వింత గాదు.

ఇంతకును ఈ చట్టము సామాన్యునకు ఇచ్చునదేమి? చైతన్యపురి, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ సందులలోని హాస్టళ్ళకు నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ ప్రాంతములనుండి గ్రూపు పరీక్షలకో, బ్యాంకు పరీక్షలకో, సాఫ్ట్‌వేరు కోర్సులకో వచ్చి చేరు విద్యార్థి మొదటి దినమున చేయుపని జిరాక్సు షాపును వెదకికొనుట. హాస్టలుకు ఒక ఆధార్ జిరాక్సు, కోచింగు సెంటరుకు ఒకటి, సిమ్ కార్డుకు ఒకటి. తండ్రి ఫోను నంబరు అన్నిచోట్లను. పిమ్మట నెల తిరుగక ముందే ఆ తండ్రికి ఇంజనీరింగు సీట్లనియు, ప్లాట్లనియు, పర్సనల్ లోనులనియు ఫోనులు రాదొడగును. 2023 ఏప్రిల్ నెలారంభమున సైబరాబాదు పోలీసులు ఫరీదాబాదునకు చెందిన ఒకనిని పట్టుకొని, అతనియొద్ద 24 రాష్ట్రములకును 8 మహానగరములకును చెందిన 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల సమాచారము దొరికినదని ప్రకటించిరి. ఆ ఫోనులు ఎక్కడినుండి వచ్చునో దానితో కొంత బోధపడినది.

క్రొత్త చట్టము ప్రకారము, సమాచారమును సేకరించు ప్రతి సంస్థయు దేనికొరకు సేకరించుచున్నదో ముందుగా తెలుపవలెను. ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందుగాని, అనగా తెలుగులో గూడ, చదువుకొనుటకు అవకాశమియ్యవలెను. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభముగనే మరల తీసికొనవచ్చును. తప్పులు దిద్దుమని, పని తీరిన సమాచారమును చెరపివేయుమని కోరవచ్చును. తన మరణానంతరము ఈ హక్కులను వినియోగించుటకు ఒకరిని నామినేటు చేయవచ్చును. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున, దిల్‌సుఖ్‌నగర్ ఇంటర్మీడియెట్ కళాశాలల విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఇట్టివారే గదా, తల్లిదండ్రుల సమ్మతి సరిచూచుకొనదగిన రీతిలో ఉండవలెను. సమాచారమును కాపాడుటకు తగిన జాగ్రత్త తీసికొనని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా. లీకైన సంగతిని దాచినచో 200 కోట్లవరకు.

వినుటకు ఘనముగనే యున్నది. ఐనను మూడు సంగతులు గమనింపదగినవి. ఈ చట్టము డిజిటల్ సమాచారమునకే గాని కాగితమునకు వర్తింపదు. వాచ్‌మన్ రిజిస్టరు రిజిస్టరుగా ఉన్నంతకాలము దాని జోలికి రాదు, దానిని ఫోటో తీసి సెక్రటరీ ఫోనునకు పంపిన క్షణమున అది చట్టపు పరిధిలోనికి వచ్చును. రెండవది, ఒక వ్యక్తి తన ఇంటి అవసరమునకు వాడుకొను సమాచారమునకు మినహాయింపు కలదు. కావున మూడవ అంతస్తు ఫ్లాటువారు తమ తలుపుపై పెట్టుకొన్న కెమెరాకు ఈ బాధ లేదు, అపార్టుమెంటు సంఘము పెట్టిన కెమెరాకు మాత్రము కలదు, ఏలయన రిజిస్టరైనను కాకున్నను వ్యక్తుల సంఘమును గూడ చట్టము బాధ్యతగల సంస్థగనే పరిగణించినది. మూడవది, వసూలైన జరిమానా భారత సంచిత నిధికి పోవును. ఎవని సమాచారము పోయినదో వానికి అందులో ఒక్క రూపాయియు రాదు. ప్రభుత్వ సంస్థలకు దేశభద్రత మొదలగు కారణములపై మినహాయింపు ప్రకటించుటకు గల విశాలాధికారము వేరొక సంగతి. ఐనను ప్రభుత్వముచేతిలోని సమాచారమును పదిలము గాదు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ ఆప్‌నుండి పౌరుల పేర్లు, ఫోను నంబర్లు మొదలగు వివరములను దొంగిలించి అమ్మకమునకు పెట్టిన యువకుని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేసెను. ఆపదలో ఆదుకొనుమని తమ వివరములను తామే ఇచ్చినవారి జాబితా అది.

ఇక ప్రమాణము సంగతి. దానిని గ్రహించుటకు ముందు, నేటి పెద్ద కట్టడములు కాగితముమీద గాక కంప్యూటరులో ముందుగా ఎట్లు నిర్మింపబడుచున్నవో తెలియవలెను. పూర్వపు బ్లూప్రింటులో గోడ యొక గీత. నేటి భవన సమాచార నమూనాలో, దానినే ఇంజనీర్లు బిమ్ అందురు, గోడకు మందము, ఇటుక రకము, వెల, కట్టిన తేదీ కలవు. తలుపునకు తాళపు జాతి, తయారీదారు పేరు కలవు. విద్యుత్తీగ ఏ షాఫ్టులోనుండి ఎచ్చటికి పోవునో, జనరేటరు ఎంతసేపు పనిచేయునో, కెమెరా చూపు ఏ మూలకు అందదో అన్నియు అందు నిక్షిప్తములు. మన దేశమున నాగపూర్ మెట్రో ఈ పద్ధతిని కాలమును ఖర్చును గూడ కలిపి వాడి పేరుపొందినది. బ్రిటను ప్రభుత్వము తన సొమ్ముతో కట్టు పనులకు 2016నుండి దీనిని తప్పనిసరి చేసెను. అట్లు చేయబోవుచుండగా అక్కడివారికి ఒక భయము పుట్టినది: ఇంతటి వివరము ఒకేచోట, వందలాది గుత్తేదారుల చేతులలో ఉన్నప్పుడు, చెడుతలంపుగలవానికి అది మార్గదర్శి కాదా? ఆ భయమునుండి 2015లో ఒక బ్రిటిషు నిర్దేశపత్రము పుట్టినది. అదియే పెరిగి ఐదేండ్లకు అంతర్జాతీయ ప్రమాణమైనది.

ఆ భయము ఊహామాత్రము గాదు. 2013లో ఆస్ట్రేలియా ప్రసార సంస్థ ఏబీసీ, ఆ దేశపు గూఢచారి విభాగమునకు కాన్‌బెరాలో కట్టుచున్న నూతన కార్యాలయపు నక్షలు, అందు తీగలు పోవు మార్గములు, సర్వర్ల స్థానములతో సహా, ఒక గుత్తేదారు కంప్యూటరునుండి దొంగిలింపబడినవని వెల్లడించెను. అదే సంవత్సరము అమెరికాలో టార్గెట్ అను దుకాణముల సంస్థనుండి నాలుగు కోట్ల బ్యాంకు కార్డుల వివరములు పోయినవి. దొంగలు ప్రవేశించినది ఆ దుకాణములలో శీతలీకరణ పనులు చూచు చిన్న గుత్తేదారునకు ఇచ్చిన లాగిన్‌ద్వారా. ఏసీ మరమ్మతునకు తెరచిన తలుపులోనుండి కోట్లమంది ఖాతాలకు త్రోవ దొరకినది. కట్టడపు సమాచారము వేరు, మనిషి సమాచారము వేరు అని మనము గీసికొన్న గీత దొంగకు కనబడదు.

ప్రమాణము యొక్క విశిష్టత దాని మొదటి ప్రశ్నలోనే యున్నదని నాకు తోచును. ఏ పనియైనను ఆరంభింపకముందే ఈ కట్టడము సున్నితమైనదా, కాదా అని యజమాని తేల్చుకొనవలెను. ప్రజాజీవనమునకు ప్రాణాధారమైనదా, రక్షణ పోలీసు శాఖలకు చెందినదా, విలువైన వస్తువులు గలదా, జనము గుంపులుగా చేరునదా అని విచారింపవలెను. అది సున్నితము గాకున్నను, దాని ప్రక్కనున్న కట్టడము సున్నితమైనదేమో, మన నమూనా చూచినవానికి ప్రక్కవారి రహస్యము తెలియునేమో అని మరల విచారింపవలెను. ఈ రెండవ ప్రశ్న మీర్‌పేటవారికి ఎంత సమీపమైనదో చెప్పనక్కరలేదు. పడమటివైపు కొలదిమైళ్ళలో కంచన్‌బాగ్‌లో క్షిపణులను రూపొందించు డీఆర్‌డీఎల్, వానిని తయారుచేయు భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహములు ఉత్పత్తిచేయు మిధాని ఉన్నవి. బాలాపూర్ దిక్కున, అబ్దుల్ కలాం ఆధ్వర్యమున వెలసిన ఇమారత్ పరిశోధనా కేంద్రమున్నది. ఆ సంస్థల ఉద్యోగులు ఎందరో ఈ కాలనీలలోనే ఇండ్లు కట్టుకొన్నవారు. రక్షణ సంస్థల సరిహద్దునకు 500 మీటర్ల లోపల కట్టదలచినవారు ఆ శాఖ అనుమతి పొందవలెనని 2012 నాటి భవన నిర్మాణ నియమములు, మన మేస్త్రీలు ‘168 జీవో’ అని పిలుచుకొనునవి, చెప్పుచున్నవి. ఐతే ఆ నియమమునకు కావలసినది ఇల్లు ఎక్కడ కట్టుచున్నారనునది. ఇంటి సమాచారము ఎక్కడికి పోవుచున్నదనునది దానికి పట్టదు. పొరుగువాని గుట్టు మన కాగితములలో ఉండవచ్చునను ఆలోచనకు మన నిబంధనలలో ఇప్పటికిని తగిన స్థానము లేదు.

ఇచ్చటనే చట్టమునకును ప్రమాణమునకును గల భేదము స్పష్టమగును. మన చట్టమునకు సమాచారములో హెచ్చుతగ్గులు లేవు. ఐరోపావారి 2016 నాటి చట్టము ఆరోగ్యము, మతము, వేలిముద్రలవంటి వానిని ప్రత్యేకముగ వేరుచేసి, పెద్ద ప్రమాదమునకు అవకాశమున్నప్పుడు ముందుగానే దాని ఫలితములను అంచనావేయుమని సంస్థలను ఆజ్ఞాపించుచున్నది. మన 2023 చట్టములో అట్టి అంచనా, కేంద్రము ప్రత్యేకముగ ప్రకటించు పెద్ద సంస్థలకు మాత్రమే విధి. హాస్టలు విద్యార్థి ఫోను నంబరును, క్షిపణి శాస్త్రజ్ఞుని ఇంటి చిరునామాయును చట్టపుదృష్టిలో సమానములు. సమానత్వము మంచిదే గాని, కావలి విషయమున అన్ని తలుపులకును ఒకే గొళ్ళెము చాలదు. ప్రమాణము ఆ భేదమును మొదటనే ఎంచి, సున్నితమని తేలినచో ఒక వ్యూహమును, ఆ వ్యూహమునకు ఒక నిర్వహణ ప్రణాళికను, సమాచారము బయటపడినచో ఏమి చేయవలెనో తెలుపు మరియొక ప్రణాళికను ముందుగనే వ్రాసికొనుమనును. చట్టము గూడ లీకైన తరువాత డేటా పరిరక్షణ మండలికి 72 గంటలలో వివరములు తెలుపుమనుచున్నది. అది జరిగినదానికి నివేదిక, ఇది జరుగబోవుదానికి సన్నాహము.

మరియొక భేదము ఇంకను లోతైనది. విడివిడిగా ఉన్నప్పుడు నిరపాయమైన ముక్కలు ఒకచోట చేరినప్పుడు అపాయకరములగునని ప్రమాణము గుర్తించినది. మన అపార్టుమెంటునే చూడుడు: పేర్ల పట్టికలో ఎవరు ఏ ఫ్లాటులో ఉన్నారో తెలియును, రిజిస్టరులో వారు ఏవేళ వచ్చిపోవుదురో తెలియును, కెమెరా దృశ్యములో వారి బండి నంబరు తెలియును, ప్లానులో మెట్లు ఎక్కడ, సెల్లారు ద్వారము ఎక్కడ, కెమెరా అందని మూల ఎక్కడ అనునది తెలియును. మొదటి మూడింటిని, డిజిటల్ రూపములో నున్నంతమేరకు, కాపాడుమని చట్టమున్నది. నాలుగవది దాని పరిధికి వెలుపలిది, అది ఏ మనిషి సమాచారమును గాదు గదా. కాని నాలుగును ఒకే ఫోనులో చేరినచో, ఆ ఫోను గలవానికి చట్టము కాపాడదలచిన మనిషియొద్దకే నేరుగా త్రోవ దొరకును. ఇంటి గుట్టు లంకకు చేటని మన పెద్దలు ఏనాడో కనిపెట్టిరి. ఆ గుట్టు నాలుగు ముక్కలై నలుగురిచేత ఉండుట నేటి విశేషము.

ఐతే ప్రమాణమును నెత్తికెత్తుకొని చట్టమును చిన్నబుచ్చుట నా ఉద్దేశము గాదు. ప్రమాణమునకు కోర్టు లేదు, జరిమానా లేదు, ఫిర్యాదు వినువాడు లేడు. యజమాని తన కాంట్రాక్టులో వ్రాసిననే అది గుత్తేదారును కట్టివేయును. వ్రాయకున్న అది వెలపెట్టి కొనవలసిన ఒక పుస్తకము మాత్రమే. ఆ కట్టడములో నివసించువానికి గాని, రోగిగా చేరినవానికి గాని, అది ఒక్క హక్కునైనను ఈయదు. అదంతయు యజమానికిని గుత్తేదారునకును నడుమ జరుగు మాట. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఉండిన చోట 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగిన వేయి పడకల టిమ్స్ ఆసుపత్రినే తలచికొనుడు. ఆక్సిజన్ గొట్టములు ఏ గోడలో పోవునో, ఐసీయూకు కరెంటు ఏ గదినుండి వచ్చునో అను సమాచారమును కాపాడుమనునది ప్రమాణము. రోగి రిపోర్టు పరులపాలు గాకుండ చూడుమనునది చట్టము. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినపుడు, రోగుల వివరములు చిక్కుపడుటయే గాక, రిజిస్ట్రేషన్లు, పరీక్షల నివేదికలు అనేక దినములు చేతివ్రాతతో నడుపవలసివచ్చెను. ఆసుపత్రివంటి చోట ఒకదానిని విడిచి మరియొకదానిని కాపాడుట సాధ్యము గాదు.

ఇక మూడవ పక్షమొకటి ఉన్నది, అది బహిరంగత. 2016 నాటి రెరా చట్టము, కొనుగోలుదారులు మోసపోకుండుటకై, బిల్డరు తన మంజూరైన ప్లానులను, లేఅవుటును వెబ్‌సైటులో పెట్టవలెననియు, నిర్మాణస్థలమున ప్రదర్శింపవలెననియు ఆజ్ఞాపించుచున్నది. సెల్లారును గోడౌనుగా మార్చిన బిల్డర్లను, మెట్లదారిని మూసి దుకాణము కట్టిన యజమానులను చూచిన మన నగరమునకు ఆ ఆజ్ఞ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ప్రభుత్వమును అడిగి తెలిసికొనుటకు సమాచార హక్కు చట్టమున్నది. దానిలో వ్యక్తిగత సమాచారమునకు గల మినహాయింపును 2023 డేటా చట్టము మరింత విశాలము చేయుటచేత, అక్రమ కట్టడమెవరిదని అడిగినవానికి అది వ్యక్తిగతమను ప్రత్యుత్తరము వచ్చునేమోయను భయము కార్యకర్తలకు కలిగినది. భయము నిర్హేతుకము గాదు. గోప్యత పేరిట అవినీతిని దాచుటకు ఎవరికిని హక్కు లేదు. ప్రమాణము ఈ విషయమున కొంత తెలివిగానే నడచినది: అన్నియు దాచుమని అది చెప్పదు, ఎవరికి ఏది అవసరమో వారికి అది ఇమ్మనును. కొనువానికి ఫ్లాటు కొలతలు, అంతస్తుల సంఖ్య, పార్కింగు, మెట్లు తెలియవలెను; కెమెరా తీగలు పోవు మార్గము, సర్వరు గది తాళము తెలియనక్కరలేదు. రెరా కోరునది గూడ ఈ రెండవ రకమును గాదు. మనవారు ఒకే పీడీఎఫ్‌లో రెండును చేర్చి పంపుటచేతనే చిక్కు వచ్చుచున్నది.

దేశము మొత్తమునకును బహిరంగతకు గోప్యతకు నడుమనున్న ఈ తూనిక ఒకమారు మారినది. భౌగోళిక సమాచారముపై చిరకాలముగా నున్న ఆంక్షలను కేంద్రము 2021 ఫిబ్రవరి 15న సడలించి, అడ్డముగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల సూక్ష్మతను మించిన పటములను భారతీయ సంస్థలే తయారుచేయవలెనను నియమము మాత్రము ఉంచినది. మరుసటి సంవత్సరము జులైలో గూగుల్ స్ట్రీట్ వ్యూ హైదరాబాదుతో సహా పది నగరములలో, భారతీయ సంస్థల సాయముతో వచ్చినది. అందు ముఖములను, బండి నంబర్లను మసకబరచిరి. ఇల్లు మాత్రము, గేటు ఎత్తుతో సహా, యథాతథముగా కనబడును.

మీర్‌పేటలో మూడంతస్తుల ఇల్లు కట్టువానికి అంతర్జాతీయ ప్రమాణమేల అని అడుగవచ్చును. నిజమే, అతనికి బిమ్ లేదు, ఉండవలసిన పనియు లేదు. 2020 నవంబరులో వచ్చిన టీఎస్ బీపాస్ అను ఆన్‌లైను అనుమతి వ్యవస్థలో 500 చదరపు మీటర్లలోపు స్థలమునకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి దొరకసాగెను. 2025నుండి ఆ పని బిల్డ్‌నౌ అను క్రొత్త వ్యవస్థ చూచుచున్నది. కాని ప్లాను అప్పటినుండియు కాగితముగా గాక ఫైలుగనే పుట్టుచున్నది. అందులోనే యజమాని పేరు, ఫోను, సంతకము చేరుచున్నవి. ఆ ఫైలును అప్‌లోడు చేయుటకు డ్రాయింగు ఆఫీసు కుర్రవానికి పంపినప్పుడు, పని ముగిసిన తరువాత అతనియొద్దనుండి దానిని తీయించునది ఎవరు? ప్రమాణములో దీనికి జవాబు ఉన్నది: పని ముగియగానే సమాచారమును తిరిగి ఇచ్చుటయో, చెరపివేయుటయో ఒప్పందములోనే వ్రాసికొనవలెను. చట్టములో గూడ, ఆ ఫైలులో పేరున్నంతమేరకు, జవాబు ఉన్నది. రెండు జవాబులలో ఏదియు ఆ కుర్రవానికి ఇంకను చేరలేదు.

అపార్టుమెంటులలోనైతే ఈ ప్రశ్న ఒక నిశ్చితమైన దినమున తలెత్తును. రెరా చట్టము 17వ సెక్షను ప్రకారము, కంప్లీషను సర్టిఫికెట్టు వచ్చిన 30 దినములలో బిల్డరు భవనమునకు సంబంధించిన పత్రములను, ప్లానులను నివాసుల సంఘమునకు అప్పగింపవలెను. లిఫ్టు, జనరేటరు, మంటలార్పు గొట్టములు, కెమెరాలు అన్నింటి నక్షలును ఆ కట్టలో ఉండును. దానిని తీసికొనునది తరచుగా సంఘపు సెక్రటరీయైన ఒక పదవీవిరమణ చేసిన ఉద్యోగి. నెల గడచుసరికి అది అతని ఇంటి బీరువాలో కొంత, అతని కుమారుని లాప్‌టాప్‌లో కొంత, ప్లంబరునకు పంపిన వాట్సాప్ సందేశములలో కొంత ఉండును. 2027 మే తరువాత, కెమెరా దృశ్యములకును విజిటర్ల జాబితాకును సంఘము పక్షమున ఆ సెక్రటరీ చట్టరీత్యా జవాబుదారి కావలసియుండును. నక్షల విషయమున ఏ అధికారియు అతనిని ప్రశ్నింపడు. సంఘపు సర్వసభ్య సమావేశములో ఎవరైన లేచి, ఆ కట్ట ఇప్పుడు ఎవరెవరియొద్ద ఉన్నదని అడిగి, జవాబును మినిట్సులో వ్రాయించిననే తెలియవలెను.